ఢిల్లీని బంధించిన నెల్లూరు నాటకం

జపాన్‌లో కొత్త కబుకికి దారి వేసిన నాటకమూ, మన ప్రతాపరుద్రీయమూ ఒకే కాలంలో పుట్టాయి. రెంటిలోనూ కూలుతున్న రాజవంశమే, దాన్ని కాపాడాలని చూసే మంత్రే. అక్కడిది ఇప్పటికీ రంగస్థలం మీద ఉంది. ఇక్కడిది ఎక్కడుందో చెప్పే కథ ఇది.

1897లో తెలుగులో రెండు నాటకాలు వెలువడ్డాయి. ఒకటి విజయనగరం నుంచి వచ్చిన గురజాడ కన్యాశుల్కం. గిరీశాన్ని మన వాళ్ళకు ఇప్పుడు కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. రెండోది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో సంస్కృత పండితుడిగా పనిచేస్తున్న వేదం వేంకటరాయశాస్త్రి రాసిన ప్రతాపరుద్రీయం. మద్రాసులో ఉన్న పండితుడి చేతిలో అది పుట్టినా, దాన్ని ఒళ్ళోకి తీసుకున్నది మాత్రం నెల్లూరు. 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం ఏర్పడింది. శాస్త్రిగారే దాని వ్యవస్థాపకుడు. ఆయన నాటకాలు ఆడడానికే అది పుట్టింది.

పాత సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఈ నాటకానికి ఒక పేజీ దక్కుతుంది, పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న. ఆ పేజీలో లేని సంగతి ఒకటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, సముద్రాల అవతల టోక్యోలో, ఇంకో పంతులుగారు ఇదే పని చేస్తున్నాడు. ఇద్దరికీ ఒకరి ఊసు ఒకరికి తెలిసే వీలు లేదు. అయినా వాళ్ళ నాటకాలను పక్కపక్కన పెడితే ఒకే తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి.

వసేదా పంతులుగారి నాటకం

ఆయన పేరు త్సుబౌచి షోయో. 1859లో పుట్టాడు, శాస్త్రిగారి కన్నా ఆరేళ్ళు చిన్న. తర్వాత వసేదా విశ్వవిద్యాలయంగా మారిన కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. 1884లోనే షేక్‌స్పియర్ జూలియస్ సీజర్‌ను జపాన్ బొమ్మలాట పాటల ధోరణిలోకి దించాడు. మొత్తం షేక్‌స్పియర్‌ను జపనీస్‌లోకి తెచ్చే పని 1928లో గానీ పూర్తి కాలేదు. సంస్కృతం నుంచి హర్షుడి నాగానందాన్ని, కాళిదాసు శాకుంతలాన్ని తెలుగులోకి తెచ్చిన మన శాస్త్రిగారిది ఇలాంటి బతుకే. పగలు పాఠం, రాత్రి అనువాదం, మధ్యలో సొంత నాటకం.

అప్పటికి కబుకి మూడు వందల ఏళ్ళకు దగ్గర పడుతున్న కళ. తండ్రి పేరు కొడుక్కీ, గురువు పేరు శిష్యుడికీ వంశపారంపర్యంగా వచ్చే నటుల ఇళ్ళు ఉండేవి. ఆడ వేషాలు మగవాళ్ళే కట్టేవాళ్ళు. నాటకం రాసేవాడు కూడా నాటకశాలలో జీతగాడే. పెద్ద నటుడు ఈ ఘట్టం ఇలా కావాలంటే అలా రాసి ఇవ్వాలి. ఆ పాత రచయితల్లో చివరి దిగ్గజం కవతాకె మొకువామి 1893లో పోయాడు. ఆ వెంటనే, 1894-95లో, త్సుబౌచి ఒక పత్రికలో విడతలుగా ఒక నాటకం ప్రచురించాడు. దాని పేరు కిరి హితోహా, అంటే ఒక్క కిరి ఆకు. కిరి చెట్టు ఆకూ పువ్వూ తోయోతోమి వంశపు రాజముద్ర. ఒక్క ఆకు రాలితే శరత్తు వచ్చిందని తెలుస్తుందన్న పాత మాటకు ఆ ముద్రను జోడించాడు.

కథ 1614 నాటిది. దేశం పెత్తనం తొకుగావా వాళ్ళ చేతికి పోయింది. ఒసాకా కోటలో తోయోతోమి వారసుడు, అతని తల్లి యోదోగిమి మాత్రం పాత వైభవం పట్టుకుని ఉన్నారు. క్యోటోలో వాళ్ళు పోయించిన పెద్ద గంట మీద చెక్కిన అక్షరాల్లో తనకు శాపం ఉందని తొకుగావా సాకు వెతుక్కుంటాడు. రాజీ కోసం తిరిగిన మంత్రి కతాగిరి కత్సుమోతోను సొంత కోటలోనే ద్రోహి అంటారు. ఏం చేసినా ఈ ఇల్లు నిలవదని అతనికి ఒక్కడికే తెలుసు. తెలిసి కూడా ప్రయత్నిస్తాడు, ఓడిపోయి కోట విడిచి వెళ్తాడు. 1897లో దీనికి కొనసాగింపుగా ఇంకో నాటకం ప్రచురించాడు త్సుబౌచి. అందులో కోట తగలబడుతుంటే యోదోగిమికి మతి చలిస్తుంది.

బయటివాడు రాసిన నాటకం కబుకి గడప దాటడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. 1903లో మహానటులు తొమ్మిదో దంజూరో, ఐదో కికుగోరో కొన్ని నెలల తేడాతో పోయారు. పెద్ద దిక్కులు పోయాక కొత్తదనానికి చోటు దొరికింది. 1904లో టోక్యోలో కిరి హితోహా రంగమెక్కింది. యోదోగిమిగా ఆడవేషం కట్టినవాడు తర్వాతి కాలంలో ఐదో ఉతాయెమోన్‌గా పేరుపొందాడు. ఆ పాత్ర ఆ ఇంటి సొత్తయిపోయింది. నాటకశాల జీతగాళ్ళు కాని రచయితలు కబుకికి రాసే కొత్త పాయకు ఈ నాటకం తలుపు తీసింది. ఒకమోతో కిదో, మయామా సెయికా లాంటివాళ్ళు ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళే.

పిచ్చివాడి ప్రతిజ్ఞ

ఇక మన నాటకం. ఓరుగల్లు ప్రభువు ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ వాళ్ళు మోసంతో బంధించి తీసుకుపోతారు. మంత్రి యుగంధరుడు కత్తి పట్టడు. బట్టలు చింపుకుని, పిచ్చివాడై, ఢిల్లీ వీధుల్లో తిరుగుతాడు. సుల్తానును పట్టుకుపోతానని కేకలేస్తాడు. పిచ్చివాడి మాట కదా, ఢిల్లీ నవ్వుతుంది. బాహాటంగా చెప్పిన కుట్రను ఎవ్వరూ కుట్ర అనుకోరు. చివరికి అన్నంత పనీ చేస్తాడు.

ఈ పిచ్చి శాస్త్రిగారి సొంతం కాదు. వత్సరాజు ఉదయనుణ్ణి చెరనుంచి విడిపించిన మంత్రి యౌగంధరాయణుడి కథ కథాసరిత్సాగరంలో ఉంది. ఆ పెద్ద పుస్తకాన్ని తెలుగు చేసింది కూడా శాస్త్రిగారే. యుగంధరుడన్న పేరులోనే ఆ చుట్టరికం వినిపిస్తుంది. కానీ ఉదయనుడి ఉజ్జయిని కథను తీసుకొచ్చి కాకతీయుల మీద పెట్టడం ఆయన తెలివి. పేరు కూడా చూడండి. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన సంస్కృత అలంకారశాస్త్రాన్ని లోకం ప్రతాపరుద్రీయం అనే పిలిచేది. అందులో నాటక లక్షణాలకు ఉదాహరణగా ఒక నమూనా నాటకం కూడా ఉంది. పండితులు మాత్రమే చదివే ఆ పుస్తకం పేరు తెచ్చి, చాకలి పేరిగాడు తిరిగే నాటకానికి పెట్టాడు శాస్త్రిగారు. కొంటెతనం కాక మరేమిటి?

చరిత్ర ఇలా లేదు. 1323లో ఓరుగల్లు ఉలూఘ్ ఖాన్ చేతికి చిక్కింది. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కింది ఇతనే. బందీగా పోతున్న ప్రతాపరుద్రుడు దారిలోనే, నర్మద ఒడ్డున, ప్రాణం విడిచాడని విలస తామ్రశాసనం చెబుతోంది. ఏ యుగంధరుడూ ఆయన్ను వెనక్కి తేలేదు. త్సుబౌచి ఓటమిని ఓటమిగానే రాశాడు. శాస్త్రిగారు ఓటమిని తిరగరాశాడు. నా మటుకు నాకు ఇదే ఈ రెండు నాటకాల మధ్య అసలు తేడా. చైనాతో యుద్ధం గెలిచి, రష్యాతో యుద్ధానికి దిగిన దేశంలో ప్రేక్షకుడు పాత ఓటమిని కూచుని చూడగలడు. పరాయి ఏలుబడిలో ఉన్నవాడికి ఆ ఓపిక ఉండదు. వాడికి రాజు తిరిగి రావాలి. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం చేతిలో పెట్టుకున్న ప్రభుత్వం కూడా ఐదారు వందల ఏళ్ళ కిందటి సుల్తానును ఓడిస్తే ఏమనగలదు? ఆ హాల్లో కూచున్న వాళ్ళకు ఢిల్లీ అన్న మాట ఢిల్లీగానే వినిపించిందో, కలకత్తాగానో లండన్‌గానో వినిపించిందో ఎవరి ఊహ వాళ్ళది.

నెల్లూరే ఎందుకు

కాకతీయుల కథ నెల్లూరుకు పరాయిది కాదు. రాజ్యం పోగొట్టుకున్న నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున తిక్కన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడి సాయం అడిగాడని సిద్ధేశ్వర చరిత్ర చెప్పే కథ. ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడి నాయకుడు నెల్లూరు సీమ మీదుగా దిగి, 1316లో కంచి దాకా వెళ్ళాడు. పెన్న ఒడ్డున కూచున్నవాడికి ప్రతాపరుద్రుడు ఎక్కడో తెలంగాణ రాజు అనిపించడు.

ఇంకో కారణం దారి. కృష్ణపట్నం పక్కగా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే బకింగ్‌హాం కాలువే చాలాకాలం ఈ తీరానికి మద్రాసు బాట. 1876-78 నాటి ధాత కరువులో కూలిపనుల కింద తవ్వించి పొడిగించిన కాలువ అది. ఆనాటి గవర్నరు పేరు పెట్టారు. ఉప్పు, వడ్లు, మనుషులు, అన్నీ పడవల మీదే. 1899లో మద్రాసూ బెజవాడా రైలు మార్గంతో కలిశాయి. నెల్లూరు ఆ దారిలోనే ఉంది. సమాజం పుట్టింది కూడా ఆ ఏడే. రైలు వల్లే నాటకం వచ్చిందని నేననను. కానీ మద్రాసు కాలేజీ పండితుడికీ నెల్లూరు ఆటగాళ్ళకూ మధ్య దూరం తగ్గిన ఏడు అది.

సమాజం పేరులోని ఆంధ్ర అన్న మాట కూడా గమనించాలి. ఆంధ్ర మహాసభ బాపట్లలో మొదటిసారి కూడింది 1913లో. దానికి పద్నాలుగేళ్ళ ముందే, అరవం ఇటూ తెలుగు అటూ కలిసే జిల్లాలో, భాషాభిమానులమని చెప్పుకుని ముఖాలకు రంగు వేసుకున్నారు వీళ్ళు. ధార్వాడ నాటక కంపెనీలు కోస్తాలో ఆడి వెళ్ళిన తర్వాత తెలుగు ఊళ్ళలో ఇలాంటి సమాజాలు పుట్టుకొచ్చాయి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టాడు. విజయనగరంలో జగన్నాథ విలాసిని సభ 1892లోనే కన్యాశుల్కం ఆడింది. డబ్బు కోసం కాదు, సరదా కోసం, పేరు కోసం, భాష కోసం ఆడేవాళ్ళు. త్సుబౌచి ముందు మూడు వందల ఏళ్ళ గోడ ఉంది, దాన్ని ఒప్పించడానికి పదేళ్ళు పట్టింది. శాస్త్రిగారి ముందు గోడ లేదు. గోడే కాదు, కప్పూ లేదు. అందుకని సమాజాన్నే కట్టుకోవలసి వచ్చింది.

పేరిగాడి నోరు

నాటకం వచ్చాక గొడవంతా పేరిగాడి మీదే. రాజు పోలికలున్న చాకలి వాడు. ఆ పోలికే యుగంధరుడి రాజకీయానికి పనికొస్తుంది. రాజూ మంత్రీ గ్రాంథికంలో మాట్లాడితే, పేరిగాడూ వాడి పెళ్ళాం ఎల్లీ వాళ్ళు మాట్లాడే తెలుగులోనే మాట్లాడతారు. దీనికే పాత్రోచిత భాష అని పేరు. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం, చేటి ప్రాకృతం మాట్లాడినట్టే ఇదీ అని శాస్త్రిగారి వాదం. అచ్చుపుస్తకంలో గ్రామ్యమా అని పండితులు ముక్కు మీద వేలు వేసుకుంటే, గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనం అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

ఇక్కడే ఆయన గురజాడకు పక్కవాడూ, ఎదుటివాడూ కూడా. కన్యాశుల్కంలో అందరూ మాట్లాడే భాషే మాట్లాడతారు. ప్రతాపరుద్రీయంలో నోటిని బట్టి కులం తెలిసిపోతుంది. పై మెట్టు మీదున్నవాడికి వ్యాకరణం, కింది మెట్టు మీదున్నవాడికి వాడుక. ఇప్పుడు చదివితే ఈ ఏర్పాటు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. కానీ జరిగిందేమిటి? పుస్తకం తీసి బిగ్గరగా చదివి చూడండి. గ్రాంథికంలో గంభీరంగా నడిచే రాజుల సంభాషణలకు చెదపట్టింది. ఎల్లీ పేరిగాడూ మాత్రం నిన్న రాసినట్టున్నారు. వాడుక భాషకు నాటకంలో కింద పీట వేసిన పండితుడే, ఆ పీట మీద కూచున్నవాడే నూరేళ్ళు బతుకుతాడని నిరూపించిపెట్టాడు. తెలుగు నాటకానికి ఈయన వదిలిన ఆస్తుల్లో యుగంధరుడి కన్నా పేరిగాడే పెద్దదని నా లెక్క.

త్సుబౌచి చిక్కు వేరు. కబుకి ప్రేక్షకుడికి చరిత్ర పాత్రలు పాతకాలపు రాగంలో మాట్లాడాలి. ఆయనకేమో షేక్‌స్పియర్‌లో లాగా మనసులోని పెనుగులాట కావాలి. పాత లయను ఉంచి లోపలి మనిషిని మార్చాడు. అందుకే కత్సుమోతో మంచివాడో చెడ్డవాడో ఒక్క మాటలో తేలడు. మన యుగంధరుడికి అలాంటి సందేహం ఒక్క క్షణం కూడా లేదు. నాటకంగా చూస్తే ఆ విషయంలో జపాన్ వాడిదే పైచేయి, ఒప్పుకోవాలి. హాస్యంలో మాత్రం శాస్త్రిగారి ముందు ఆయన నిలవలేడు.

ఆడవేషాల సంగతికొస్తే ఉతాయెమోన్‌కు మనవైపు జవాబు ఉంది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు. తెనాలి రామవిలాస సభలో రోషనార వేషం కట్టాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. అక్కడ నటుణ్ణి ఇంటిపేరుతో వెనక బెంచీల నుంచి కేకేస్తారు, ఇక్కడ పద్యానికి వన్స్ మోర్ అంటారు. కానీ ఉతాయెమోన్ వేషం ఆరో ఉతాయెమోన్‌కు వెళ్ళింది. స్థానం వేషం స్థానంతోనే ఆగింది. వారసత్వంగా పేరు ఇవ్వాలన్న ఆ పద్ధతిని నేను మెచ్చుకోను. అందులో కులవృత్తి వాసన ఉంది. అయినా ఒక పాత్ర తరాన్ని దాటాలంటే దాన్ని నేర్పే చోటు ఒకటి ఉండాలి కదా.

ఏం మిగిలింది

శాస్త్రిగారు ఆ తర్వాత 1901లో ఉష, 1916లో బొబ్బిలి యుద్ధం నాటకాలు వెలువరించాడు. శృంగార నైషధానికీ ఆముక్తమాల్యదకూ వ్యాఖ్యలు రాశాడు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది. 1929 జూన్ 18న పోయాడు. దానికి ముందు ఏడాదే, 1928లో, టోక్యోలో వసేదా విశ్వవిద్యాలయం త్సుబౌచి పేరు మీద నాటక మ్యూజియం తెరిచింది. ఎలిజబెత్ కాలపు లండన్ నాటకశాల నమూనాలో కట్టిన ఆ భవనంలో వేషాలు, ముసుగులు, అచ్చుబొమ్మలు, నాటక ప్రతులు అన్నీ దాచారు. మన దగ్గర శాస్త్రిగారి నాటక ప్రతులు గ్రంథాలయాల పాత బీరువాల్లో, అంతర్జాలంలో స్కాన్ చేసిన మసక కాగితాల్లో దొరుకుతాయి. ప్రతాపరుద్రీయం పాఠ్యపుస్తకంగా బతికింది. నాటకానికి అంతకు మించిన శిక్ష లేదు.

తీరం ఊళ్ళలో నాటకం చచ్చిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. తిరునాళ్ళకు హార్మోనియం పెట్టె దిగుతూనే ఉంది, తెల్లవార్లూ హరిశ్చంద్ర కాటి సీను వింటూనే ఉన్నారు. కృష్ణ రాయబారానికి పిలిస్తే జనం వస్తారు. అయితే ఆ జాబితా చిన్నదైపోయింది. పద్యం లేని చోట చప్పట్లు పడవన్న భయంతో కాంట్రాక్టర్లు ఆ నాలుగైదు నాటకాలే తిప్పుతున్నారు. ప్రతాపరుద్రీయం అసలు బలం రాగంలో లేదు, మాటలో ఉంది. ఆ బలాన్ని ఆడించే నటులు ఇప్పుడు సాంఘిక నాటకాల వైపు, పరిషత్తు పోటీల వైపు ఉన్నారు. ఆ రెండు గుంపులూ కలవవు. ఈ నాటకం ఆ రెంటి మధ్య సందులో పడిపోయింది.

ఇప్పుడు ఆడితే చిక్కులు లేవా? ఉన్నాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదు మీద. పేరిగాణ్ణి 1897 నాటి కంటితోనే చూపిస్తే అలాంటి అభ్యంతరం రాకమానదు, వస్తే అందులో న్యాయం కూడా ఉంటుంది. ఢిల్లీ వాళ్ళందర్నీ మూర్ఖులుగా, క్రూరులుగా చూపించే పాత అలవాటూ అంతే. స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర, అన్ని మతాల వాళ్ళూ రొట్టెలు మార్చుకునే ఊరు ఇది. ఆ ఊళ్ళో ఈ నాటకం ఆడేవాడు కాస్త కత్తెర, కాస్త బుద్ధి వాడాలి. సుల్తాను మతం మీద కాక, పిచ్చివాడి మాట పట్టించుకోని అధికారం మీద నవ్వు పండించాలి. నాటకంలో ఆ నవ్వు ఎలాగూ ఉంది. పేరిగాడు రాజు పోలికల్లో తిరగడమే పెద్ద చురక. బట్టలు మారితే చాకలెవరు, రాజెవరు? రాసినవాడు ఆ ప్రశ్న అడిగాడో లేదో గానీ, ఆడేవాడు అడగవచ్చు. కబుకి వాళ్ళు సాధారణంగా పాత నాటకాన్ని మొత్తం ఆడరు. పేరున్న అంకం ఒకటి ఎత్తుకుని, ఒక్క పూటలో రెండు మూడు నాటకాల ముక్కలు చూపిస్తారు. యోదోగిమి మతి చలించే ఘట్టం అలా విడిగా ఆడి ఆడి బతికింది. ఢిల్లీ వీధిలో పిచ్చి యుగంధరుడి ఘట్టం, పేరిగాడి ఇంటి ఘట్టం, ఈ రెండూ కలిపి గంటంబావులో ముగించవచ్చు.

నెల్లూరు నాటక సమాజాల వాళ్ళకూ, కాలేజీల తెలుగు శాఖలకూ ఒక మాట. ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతున్నాం. దండలు, ఉపన్యాసాలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. వచ్చే ఏప్రిల్‌లో ఆ ఉపన్యాసాలు ఒక గంట తగ్గించి, పురమందిరంలో పేరిగాణ్ణీ యుగంధరుణ్ణీ రంగం మీదికి తీసుకురండి. రచయిత పోయి తొంభై ఏళ్ళు దాటింది, హక్కుల చిక్కు లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.